ముప్పై ఒకటో వంతు

వారాసిగూడల మూడో అంతస్తు మీద రేకుల గది.
రాత్రి పన్నెండు దాటినంక అది
మూడొందల అడుగుల లోతుకు దిగుతది.
ఫ్యాను బంద్ చేస్త.
ఎవరికో వినపడుతదని కాదు,
జలాంతర్గామిల ఫ్యాను తిరగొద్దని నాకొక నియమం.
చెమట మాత్రం నిజం.

నా పడవ పాతది, డీజిలుది.
బ్యాటరీ నలభై ఒక్క శాతం.
గంటకు మూడు మైళ్లు, అంతకు మించి ఉరికితే
నా పంకా చప్పుడే నన్ను పట్టిస్తది.
తెర మీద ఆకుపచ్చ జల్లు
పైనుంచి కిందికి జారుతనే ఉంటది.
అందుల నిలువుగ గీత నిలబడితే ఓడ.
వంకర పోతే చేపల పడవ.
ఏ గీతా లేకపోతే
ముబీన్.

ఈ యుద్ధం వాడు తయారుచేసిందే.
పార్క్‌లేన్‌ల షట్టరు సగం దించి
పానాలు పోయిన ల్యాప్‌టాప్‌ల నడుమ కూసొని
దీవులు పెట్టిండు, లోతులు పెట్టిండు,
నాకొక పడవ, తనకొకటి.
తన వంతు ఆడి, పెన్‌డ్రైవ్‌ల వేసి
సీతాఫల్‌మండి ఇరానీ హోటల్ గల్లాల ఇస్తడు.
జాఫర్ సాబ్ దాన్ని
ఉస్మానియా బిస్కెట్ల డబ్బా వెనక పెడతడు.
రెండు రోజులకు నేను తీసుకుంట.
ఏడాదిన్నరల ముప్పై వంతులు.
మాటలు సున్న.

పదకొండు వేలు. అసలు సంగతి అది కాదు.
నలుగురి ముంగట అన్నడు:
"వాల్వు తిప్పేటోనివి, నీకేం ఎరుకరా లెక్క."
నేను గూడ అన్న ఒకటి. అది ఈడ రాయ.
ఆ పొద్దు నుంచి ఇద్దరం
ఇంజన్లు బంద్ చేసుకున్నం.

వాల్వు తిప్పేటోన్నే. జలమండలి లైన్‌మన్‌ని.
పొద్దుగాల్ల మూడింటికి, ఊరు అణిగినంక
ఇనుప కడ్డీ రోడ్డుకు ఆనిచ్చి
ఇంకో కొస చెవికి పెట్టుకుంట.
మంచి పైపు గొంతు ఒక తీరు,
పగిలిన పైపు గొంతు ఒక తీరు.
చిలకలగూడ చౌరస్తాల
తారు కింద ఆరడుగుల లోతున
చిటికెన వేలంత చిల్లును
మొదటి బస్సు కదలకముందే పట్టిన.
అసొంటి చెవికి
ముబీన్ దొరకలే.

యాడనో అడుగున పండిండు, ఇసుక మీద.
ఇరవై రెండో వంతుల వాని నెత్తి మీదికెళ్లే పోయిన్నేమో.
ఇరవై ఆరుల మళ్ల.
ఒక్కపారి గూడ కొట్టలే.
గురి కుదరకనా, నన్ను వినకనా,
విని ఊకున్నడా?
ఈ మూడో సంగతి కాడికొచ్చినప్పుడల్ల
లేచిపోయి మంచినీళ్లు తాగొస్త.

పింగ్ అని ఒక మీట ఉంది.
ఏడాదిన్నరగ దాన్ని ముట్టలే.
నొక్కితే సముద్రమంత గంట కొట్టినట్టు మోగుతది.
వాడు యాడున్నడో నాకు తెలిసేలోపు
నేను యాడున్ననో వానికి తెలుస్తది.
పిచ్చోడే నొక్కుతడు.
మా మేస్త్రి రాజమల్లు అంటడు,
పైపు మూగగుంటే సుత్తితోని ఒక్కటి తట్టు,
పలుకుతది అని.
ముప్పయ్యో వంతుల, రాత్రి రెండింటికి,
తట్టిన.

తిరిగొచ్చినయన్నీ రాళ్లే.
వంతు అయిపోయింది. పెన్‌డ్రైవ్ గల్లాల ఇచ్చిన.
మూడు రోజులు డబ్బా వెనక ఏం లేదు.
నాలుగో రోజు జాఫర్ సాబ్
చాయ్ కన్న ముందు దాన్నే బల్ల మీద పెట్టిండు.

ముప్పై ఒకటి. తెరిచిన.
నీళ్లల్ల రెండు టార్పెడోలు.
దిక్కు నలభై డిగ్రీలు. దూరం రెండు మైళ్లు.
రెండే మైళ్లు!
ఇన్నొద్దులు ఇంత దగ్గర్నే ఉన్నడు, నా కొడుకు.

నవ్వొచ్చింది.
కింది పోర్షన్‌ల లైటు వెలిగేంత నవ్వు.
ఫ్యాను వేసిన.
మూడు నిమిషాలుంది నాకు.
చుక్కాని మొత్తం కుడికి తిప్పాలె,
బుడగలు వదలాలె, అడుక్కు దుంకాలె,
అన్నీ ఎరికే.
ముందుగాల
ఇంకోపారి పింగ్ నొక్కిన.