ప్లీజ్ తీసేసిన వాక్యం

చీమకుర్తిలో సాయంత్రం ఐదున్నరకి
పాలిష్ మిషన్లు ఆపేస్తారు.
చెవుల్లో మాత్రం ఇంకో అరగంట తిరుగుతూనే ఉంటాయి.
ఆ అరగంటే నా క్లాసు.

క్యాంటీన్ రేకుల షెడ్డు, సాంబారు మరకల బల్లలు.
బోర్డు అడిగితే మాలకొండయ్య
పనికిరాదని పక్కన పడేసిన పలకొకటి
గోడకి ఆనించి పోయాడు.
సగం పాలిష్ పట్టిన నల్లరాయి, నిండా బంగారు నలకలు.
దానిమీద సుద్దతో వాక్యం రాస్తే
ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టానో
నాకే దొరికేది కాదు.

పదిహేడు మంది.
కిషన్‌గఢ్ భన్వర్, వైర్‌సా మీద ఇరవయ్యేళ్ళ చెయ్యి.
గంజాం కుంజ బెహెరా, అరచెయ్యి ఆనిస్తే చాలు
నునుపెంతో చెప్పేస్తాడు, వేళ్ళతో.
క్రిష్ణగిరి సెల్లముత్తు అసలేమీ చెప్పడు.
రాయి రాక కాదు,
రాయి గురించి బయ్యర్లకి చెప్పడం రాక
వీళ్ళకి నన్ను పెట్టారు.
నెలకి ఆరు వేలు, టీ కంపెనీది.

ఒంగోల్లో మూతబడ్డ నా సెంటర్లోంచి
పాత పుస్తకమే పట్టుకొచ్చాను:
బ్యాంకులో, పోస్టాఫీసులో, డాక్టరు గారి దగ్గర.
ఒక్క తలుపైనా లేని క్వారీలో
మే ఐ కమిన్ నేర్పాను.
ప్లీజ్ అనకుండా నోరు తెరవద్దన్నాను.
భన్వర్ దాన్ని మూడు ముక్కలు చేసి
పి-లీ-జ్ అనేవాడు,
ఉలి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టు.

కార్తీకంలో ముసురు పట్టింది.
బురదలో క్రేను, క్రేనుకి బ్లాకు.
పైన తాళ్ళూరు కుర్రాడు, హిందీ ముక్క రాదు.
గొలుసు జారడం అందరికన్నా ముందు భన్వర్ చూశాడు.
వాడి భాషలో అరిస్తే వీడికి తెలీదని
నేను నేర్పింది అందుకున్నాడు, పూర్తిగా, మర్యాదగా:
ప్లీజ్ సర్, స్టాప్ ద

రాయి అంతసేపు ఆగదు కదా.

కుంజ ఎడమకాలికి రెండు వేళ్ళు పోయాయి.
రెండేగా, నయం, అన్నారు.
గొలుసు పాతదమ్మా, మీదేముంది, అన్నాడు మాలకొండయ్య.
ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని
లోలోపల ఆ వాక్యం అని చూసుకున్నాను.
మళ్ళీ అన్నాను.
పేర్నమిట్ట దాకా అంటూనే ఉన్నాను.
ఎంత గబగబా అన్నా
స్టాప్ మూడోదే.

మర్నాడు పలకంతా తుడిచేసి
ఒక్క మాట రాశాను.
అరవండి అన్నాను. సిగ్గుపడ్డారు.
నేనే అరిచాను ముందు.
రేకులు దద్దరిల్లి
వంటామె సుబ్బాయమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది,
ఎవురికేమైందో అంటా.
తాళ్ళూరు కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టాను ఆ రోజు.
రుక్. రుహ. నిల్లు. ఆపు.
వాడు నాలుగూ నేర్చుకున్నాడు,
ఉచ్చారణ ఘోరం, చెయ్యి మాత్రం లివర్ మీదకి పోయింది.

అందరూ వెళ్ళాక భన్వర్ ఉండిపోయి
సుత్తి పిడితో నా పలకని తట్టాడు.
ఇక్కడ ఖంగుమంది.
జానెడు కిందికొచ్చి తట్టాడు, బొంగురు.
కంటికేమీ లేదు.
హెయిర్‌లైన్ క్రాక్, అన్నాను.
హెయిర్? అని మీసం పట్టుకుని నవ్వాడు.
మా ఊళ్ళో నెర్రె అంటారులే, అన్నాను.
నెర్రె, అన్నాడు వెంటనే, సరిగ్గా,
అరచేతిలో వాళ్ళ అక్షరాల్లో రాసుకున్నాడు.
నాలుగు నెలలుగా దాని మీదే రాస్తున్నాను నేను.

నలభై రోజులకి కుంజ వచ్చాడు,
ముందు భాగం కోసేసిన చెప్పుతో.
పలక వంక చూసి
మేడమ్, ప్లీజ్ ఏదీ? అన్నాడు.
ఎందుకురా ఇప్పుడు?
సెలవు చీటీ రాయాలి,
చెల్లెలికి పురుడు.

కింద మూలగా, నెర్రె తగలకుండా చూసి,
చిన్నగా రాశాను.