తొలి బిందె

మొదటి జట్టు వచ్చేసరికి
కవిటి వెళ్ళే దారి ఇంకా ఎర్రమట్టే.
మా రక్తం, మా నీళ్ళు,
పెరట్లో గుప్పెడు మట్టి
ఐసు డబ్బాల్లో సర్దుకుని వెళ్ళారు.
రెండో జట్టు ఫొటోలు కూడా తీసింది.
మూడో జట్టు కాగితం చాపి
వేలిముద్ర అడిగింది.

జీడిపిక్కలు కొట్టే వేలు నాది.
జీడినూనె తిన్న బొటనవేలికి గీతలుండవు.
సిరా అద్దితే నల్లటి బొట్టు పడింది, అంతే.
"ఇది చెల్లదమ్మా" అన్నాడు కుర్రాడు.
రక్తం మాత్రం చెల్లింది.

చదువు రాకపోయినా
మా ఊళ్ళో అందరికీ క్రియాటిన్ అంకెలొచ్చు.
పెళ్ళిపందిట్లో "నీదెంత?" అంటే
జీతం అడిగినట్టు కాదు.
మా ఆయనది ఆరు దాటాక
వారానికి రెండుసార్లు పలాస బస్సు.
తర్వాత బస్సు కూడా అక్కర్లేకపోయింది.
ఆయన సీసా ఏ ఊళ్ళో
ఏ బీరువాలో ఉందో ఎవరూ చెప్పలేదు.

ఈ వైశాఖంలో ఒక పిల్ల వచ్చింది. నిరుపమట.
మూడో జట్టులో సీసాలు మోసిందట,
నాకు గుర్తు లేదు.
బడి వరండా గచ్చు మీద
సుద్దముక్కతో మా ఊరు గీసి
బోరుకొక చింతపిక్క పెట్టింది.
మర్చిపోయిన చాకలి వీధిని
పిల్లలు గీసిపెట్టారు.
ఏ బోరులో ఏం దొరికిందో చదివింది.
చివర్న గొంతు తగ్గించి
"ఎందుకొస్తోందో మాకింకా తెలీదు" అంది.

బమ్మిడి కూర్మయ్య లేచాడు.
"తెలీదని సెప్పడానికి
ఇంత దూరం వొచ్చినావేటమ్మా?"
అవునంది.
ఎవరూ నవ్వలేదు.
కూర్మయ్య తువ్వాలుతో గచ్చు దులిపి
ఆమెకి చోటిచ్చాడు.

అప్పుడు నాకు నోరొచ్చింది.
"మీరంతా మంచుకాలంలోనే వొస్తారు.
అప్పుడు నీరు తియ్యగుంటాది.
ఎండల్లో బోరు అడుక్కెల్తే పప్పుడకదు,
అన్నం పచ్చబడతాది.
తెల్లారగట్ల తొలి బిందె
నాలిక్కి ఇనుములా తగుల్తాది.
ఆ నీరు ఒక్కరూ పట్టుకెల్లనేదు."

రాస్తూ రాస్తూ ఆగి నా పేరడిగింది.
మడ్డు దమయంతి.
నా మాట కింద నా పేరు రాసి
సరిగ్గా ఉందా అని చూపించింది.
ఒత్తు పోయిందని
మా మనవరాలు దిద్దింది.

మర్నాడు నాలుగింటికి
చీకట్లో బోరు కొట్టాను.
ముందొచ్చే ఎర్రనీరు
అలవాటుగా పారబొయ్యబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
చీటీ మీద ఏం రాయాలంది.
"తొలి బిందె" అన్నాను.
మూత నేనే బిగించాను.
తడి గాజు మీద నల్లటి బొట్టు.
తుడవకుండానే
డబ్బాలో పెట్టుకుంది.