వదులు కుట్టు

ప్రతి రాత్రీ ఎనిమిదీ నలభైకి
ఆ కోటు చిరగాలి.
అది నా ఉద్యోగం.
ఎడమవైపు కాదు, కుడివైపు.
"ఎడమైతే బాల్కనీ వాళ్ళకి కనపడదు ఇలోన్కా" అన్నాడు ఒక్టావియన్,
ఈ నాటకం రాసినవాడు, ఆడించేవాడు,
ఆ డిసెంబరుకి ఇంకా పాలపళ్ళు ఊడనివాడు.
గుండె అటు లేదుగా అని నేను అనలేదు.
గుడ్డదేముంది, ఎటు కోస్తే అటు తెగుతుంది.

ఒంటిపేట దారంతో పెద్ద పెద్ద టాకాలు వేస్తాను,
చివర ముడి వెయ్యను.
డ్రాగోమిర్ చిటికెనవేలితో లాగుతాడు,
పర్రుమని విడిపోతుంది,
లోపల్నించి ఎర్ర శాటిన్ నాలుక చాస్తుంది.
టిమిషోవారాలో ఈ పాత ట్రాం షెడ్డు,
ఇప్పుడు రెండొందల కుర్చీల హాలు,
ఒక్కసారిగా ఊపిరి బిగబడుతుంది.
తెర వెనక నేను బిగబట్టను.
సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటాను, రేపటికి.

నాటకంలో అతని చేతిలో జెండా,
నడుమ ముద్ర కత్తిరించేసిన చిల్లు.
ఆ చిల్లూ నేనే కత్తిరించాను,
అప్పుడొకసారి నిజంగా, ఇప్పుడొకసారి జీతానికి.
అప్పుడు చెయ్యి వణికి వంకర పోయింది.
ఈసారి పళ్ళెం బోర్లించి గీసుకున్నాను.

లజార్ చేతిలో మాత్రం జెండా లేదు.
వలసంచీలో రెండు ఖాళీ పాలసీసాలు.
ట్రాం నడిపి నడిపి నిలబడే నిద్రపోయే మనిషి,
ప్రభుత్వం మీద ఆయనకున్న ఒకే ఫిర్యాదు
బ్రేకు చెక్కలు మార్చరని.
"గొడవగా ఉంది, క్యూలో జనం ఉండరు, తొందరగా వచ్చేస్తా"
ఇదీ ఆఖరి మాట.
ఒక్టావియన్‌కి చెబితే నవ్వలేదు, పాపం, రాసుకున్నాడు.
తర్వాత కొట్టేశాడు.
"పాలసీసాలతో పడిపోతే జనానికి ఎటు చూడాలో తెలీదు" అన్నాడు.
నాకూ తెలీలేదు,
మూడోరోజు ఎవరో ఆ సంచీ తెచ్చిచ్చినప్పుడు.
ఒక సీసా పగల్లేదు.

స్మరాండా ప్రతి శనివారం వస్తుంది, టిక్కెట్టు కొనుక్కుని,
మూడో వరుస, నడవ పక్క సీటు.
నాటకంలో ఆవిడ రొట్టెల కొట్టు తలుపు తీస్తుంది,
పదకొండుమంది పిండి బస్తాల వెనక దూరతారు.
ఆ రాత్రి షట్టరు కిందికే ఉంది.
లోపల దీపం ఆరడం వీధి వీధంతా చూసింది.
తలుపు తెరుచుకునేదాకా చూసి
కోటు వంతు రాకముందే లేచిపోతుంది.
వెళ్తూ నా బల్ల మీద
కాగితంలో చుట్టిన గసగసాల రొట్టె పెడుతుంది.
ముప్ఫై ఏళ్ళు దాటింది మేం మాట్లాడుకుని.
తింటాను. రొట్టెదేం తప్పు.

నిన్న శనివారం.
ఏమనిపించిందో,
బూట్లు కుట్టే దారం తీసుకున్నాను,
రెండు పేటలు, మైనం పూసి,
చీమ దూరనంత దగ్గరగా.
మూడు ముళ్ళు.

తుపాకీ పేలింది, అంటే మా కుర్రాడు చెక్కతో నేల మీద కొట్టాడు.
డ్రాగోమిర్ లాగాడు.
మళ్ళీ లాగాడు.
తర్వాత నిలబడ్డాడు.
అక్కడ అతనికి మాటల్లేవు, రాయలేదు ఎవరూ.
బొత్తాలన్నీ పెట్టుకున్న కోటుతో,
అంత వెలుతురులో,
ఏమీ కాని మనిషి ఒకడు.
ఎవరో దగ్గారు.
నేను సూది పక్కనపెట్టి లెక్కపెట్టాను,
పందొమ్మిది దాకా.

పడిపోయాడు. పడక ఏం చేస్తాడు,
తర్వాతి సీను కొవ్వొత్తులది.

ఒక్టావియన్ అరిచాడు.
కళ్ళు సరిగా ఆనడం లేదన్నాను, దారం మారిపోయిందన్నాను.
స్మరాండా వెళ్ళలేదు ఆ పూట.
తన కోటులో ఒక చెయ్యి దూర్చుకుని, రెండోది మరిచిపోయి,
రొట్టె పొట్లం పట్టుకుని నిలబడి ఉంది.
"చిరగలేదేం" అంది.
"గట్టిగా కుట్టాను" అన్నాను.

ఇవాళ ఆదివారం, రెండాటలు.
బ్లేడుతో విప్పుతున్నాను.
మూడో ముడి దగ్గర
ఇంకా రావడం లేదు.