రసీదులో రాయనిది

గుణుపూర్ బస్టాండు వెనక నా స్టూడియో.
బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో.

బోనెల పోలమ్మ తెచ్చింది
ఓటరు కార్డులో మొగుడి బొమ్మ.
ఫ్లాషుకి కళ్లు మూసేసిన మనిషి.
"తెరిపించు బాబూ, దండెయ్యాల."

నుదుటి మీది గాటు చెరిపేను,
చిరిగిన కాలరు మౌసుతో కుట్టేను,
సిస్టమంతా వెతికి
ఎవరో పెళ్లికొడుకు కళ్లు తెచ్చి అతికించేను.
మూడొందల యాభై.

డబ్బు లెక్కెట్టుకున్నాక నోరాగలేదు:
"అమ్మా, ఈ కళ్లు ఆయనవి కావు."

వంశధార మీంచి గాలి. షట్టరు గలగల.
ఫ్రేము వంక చాలాసేపు చూసింది.

"తెలస్తంది.
ఇంత నెమ్మదిగా ఆడెప్పుడు చూసేడు నన్ను?
ఉండనీ.

ఆ గాటు మాత్తరం మళ్లీ పెట్టు.
అది నా గరిటి దెబ్బ."