మూడో స్తంభం దగ్గర

శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పమన్నారు.
ఇవాళ బుధవారం, పొగమంచు.
ఇనుప డబ్బాలో నేను, పశువుల డాక్టరు ఉషాంగీ,
ఒక గోనెసంచీ, సంచీలో కదిలేదేదో.
కింద లోయ ఉందన్న నమ్మకం మీద
ఉక్కుతీగకు వేలాడుతున్నాం.

జేబులో ఉత్తరం, నాలుగు మడతలు.
బటూమీలో, సముద్రం ఒడ్డున,
అక్కడా తీగే, అక్కడా డబ్బాయే,
కాకపోతే గాజుది.
తెల్ల చేతితొడుగులు వాళ్ళే ఇస్తారు.
జీతం ఇక్కడికి రెండింతలు దాటి ఇంకొంచెం.

ఇంటర్వ్యూలో బ్రేకు గురించి అడగలేదు,
మంచు పట్టిన తీగ ఎలా మూలుగుతుందో అడగలేదు.
నవ్వగలరా, అన్నారు.
నవ్వాను.
ఇంకాస్త, అన్నారు.
పై వరసలో రెండు పళ్ళు లేవు నాకు,
నవ్వుని పెదవులు దాటనివ్వను.
ఆ జీతంతో కట్టించుకోవచ్చు ఆ రెండూ.
అప్పుడు ఇంకాస్త నవ్వొచ్చు.

మా బావ గురామ్ గనిలో లెక్కల గుమస్తా.
రొట్టె చుట్టిన కాగితం వెనక పెన్సిల్‌తో గీశాడు:
రోజుకు ఎనభై దాట్లు, ఇరవై రెండేళ్ళు.
"భూమిని దాదాపు ఐదు చుట్లు చుట్టావు నజీబ్రోలా,
ఊరి పొలిమేర మాత్రం దాటలేదు.
ఇంకా ఆలోచనేమిటి?"

ఆలోచనేమిటో నాకూ తెలీదు.
ముందు నుయ్యి వెనక గొయ్యి కూడా కాదు ఇది,
రెండు వైపులా గట్టి నేలే.
కాళ్ళు మాత్రం నడిమధ్యకు అలవాటు పడ్డాయి.

బటూమీలో జనం దేనికి ఎక్కుతారని అడిగాను.
సముద్రం చూడ్డానికి, అన్నారు.
చూసి?
దిగిపోతారు.
పొగమంచు పడితే?
టికెట్లు అమ్మం.

ఇక్కడ పొగమంచు పడితేనే జనం ఎక్కువ,
మెట్లదారి జారుతుంది మరి.
నైట్ షిఫ్టు దిగినవాళ్ళు
కళ్ళచుట్టూ మాంగనీసు కాటుకతో
నిలబడే నిద్రపోతారు.
ఏతేరీకి ఈ డబ్బాలోనే నొప్పులు మొదలయ్యాయి ఓ మార్చిలో;
ఆ పిల్లాడికిప్పుడు మీసాలు,
నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు.
శవపేటికలు ఏటవాలుగా పెడితే గానీ పట్టవు.
ఇవేవీ గొప్పలు కాదు.
ఒక శీతాకాలమంతా ఈ పనిని తిట్టుకుంటూనే చేశాను,
మోకాళ్ళలో చలి వేసిన ముడి ఇంకా విడలేదు.

పై స్టేషన్లో త్సియాలా.
ఒక గంట కొడితే ఆగు, రెండు కొడితే కదులు.
మూడు గంటలకు రూలు పుస్తకంలో అర్థం లేదు,
టీ మరిగిందని మా ఇద్దరికే తెలుసు.
తనకింకా చెప్పలేదు,
దీనికి ఎన్ని గంటలు కొట్టాలో తేలక.

నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి
ఊ, అని చూశాను.
ఊహూ, అని చూశాను.
రెండింటికీ మొదలు ఒకటే,
ఆపైన ఒక్క ఊపిరి తేడా.
ఆ ఊపిరిని లోపలే పెట్టుకుని పడుకున్నాను.

సంచీలో ఏముందని అడిగాను ఉషాంగీని.
"మేకపిల్ల. తల్లి దగ్గరికి రానివ్వట్లేదు.
పై ఊళ్ళో ఇంకో మేక ఉంది,
పాలిస్తుందేమో చూద్దామని."
ఇస్తుందా?
"కొన్ని ఇస్తాయి, కొన్ని తంతాయి.
పక్కన నిలబెడితే గానీ తెలీదు."

మూడో స్తంభం వస్తోంది.
కనబడదు, నా అరికాళ్ళకు తెలుస్తుంది.
"పట్టుకోండి" అన్నాను.
డబ్బా ఎగిరి పడింది, సంచీ ఒకసారి అరిచింది.
పైనుంచి మూడు గంటలు.

బటూమీలో స్తంభాల దగ్గర కుదుపు ఉండదట,
వెన్నలో కత్తిలా పోతుందట.
అయినా అంటాను కాబోలు,
గాజులోంచి సముద్రం చూస్తున్నవాళ్ళతో,
ఎందుకన్నానో వాళ్ళకు అర్థం కాకుండా,
పట్టుకోండి, అని.