గోడ లేని గేటు

పోర్తు నగరంలో ఒక గేటుకి
నేను తాళం వేస్తాను.

అటూ ఇటూ గోడ లేదు.
తోట ఊరి పరమైన ఏడాదే పడగొట్టి
ఆ రాళ్ళు నది గట్టుకి తోలేశారట.
గేటు మాత్రం మిగిలింది.
వీధివైపు తిరిగిన ఇనప నెమళ్ళు రెండు,
వాటి మధ్య, ద్రాక్షసారా అమ్మి బారన్ అయినవాడి
పేరులో మొదటి అక్షరం.

మునిసిపాలిటీ పుస్తకంలో
"ద్వారపాలకుడు, ఒకరు" అని రాసి ఉంది.
ఆ ఒకణ్ణి నేను.
పొద్దున ఏడింటికి తీసి, చీకటిపడగానే మూస్తాను.
కుక్కలు పక్కనుంచి పోతాయి.
ప్రేమికులు పక్కనుంచి పోతారు.
నదిమీంచి లేచిన పొగమంచు
తాళంకప్పని ఓసారి తడిమి చూసి
అదీ పక్కనుంచే పోతుంది.

నాకు ముందు ఈ పని చేసిన అబీలియు
తాళంచెవి చేతిలో పెడుతూ అన్నాడు:
"నవ్వేవాళ్ళని నవ్వనీ.
నూనె వెయ్యడం మాత్రం మానకు."

జనవరి. నా మొదటి చలికాలం.
రాలిన కెమేలియాలు రంగు తగ్గకుండా
తడిగడ్డి మీద ముఖాలెత్తి కూర్చున్నాయి.
ఆ రోజు ఆలస్యమైంది. ఏడూ ఇరవై.
గేటు ముందు ఒక ముసలామె,
గొడుగు లేదు.
చాకలిసోడాకి పాలిపోయిన వేళ్ళు
ఇనప చువ్వని పట్టుకుని ఉన్నాయి.

"వానలో ఎందుకు నిలబడ్డం,
ఇటునుంచి రావచ్చుగా" అన్నాను,
గోడ లేనిచోటుని చేత్తో చూపిస్తూ.

ఆమె పేరు దెయొలిందా.
పదకొండో ఏటినుంచి ఈ ఇంటి దుప్పట్లు ఉతికింది.
మూట నెత్తిన పెట్టుకుని
గోడ వెంబడే, గోడ వెంబడే,
గుర్రాలసాల దాటి, పేడకుప్ప దాటి
దొడ్డిగుమ్మానికి.
ఆరేసిన దుప్పట్ల సందులోంచి
ఈ నెమళ్ళని వీపువైపే చూసింది.
ఇదంతా తర్వాత, ఎండ కాసిన రోజుల్లో చెప్పింది.
అప్పుడు మాత్రం అన్నది ఇంతే:

"చుట్టు తిరిగింది చాల్లే నాయనా.
తియ్యి."

రోజూ ఒక రెక్కే తీస్తాను.
ఆ పూట రెండూ తీశాను.
కీలు చప్పుడు చెయ్యలేదు.

లోపలికెళ్ళి ఏం చేసిందంటే, ఏమీ లేదు.
బెంచీ తడిగా ఉందని
తోటంతా వినపడేలా
మునిసిపాలిటీని తిట్టింది.
నేను టోపీ తీసి నిలబడి విన్నాను,
జీతం తీసుకుంటున్నవాణ్ణి గదా.