ఈకకు ఈక, తోకకు తోక

నాలుగు వందల పన్నెండు ఫొటోలు.
మూడొందల తొంభై ఉత్త కొమ్మలవి.
మిగిలినవాటిలో తోకలున్నాయి,
పిట్ట ఎగిరిపోయాక ఇంకా ఊగుతున్న ఆకులున్నాయి,
ఒకదాంట్లో మాత్రం
ఒక కన్ను, ఆవగింజలో సగం.

రాత్రి డ్యూటీ దిగి, నిద్రని వాయిదా వేసి
కాసిల్‌మెయిన్ ఊరి వెనక
పాత బంగారు గనుల మట్టిదిబ్బల మీద
జూలై మంచులో మోకాళ్ళూని
నేను తవ్వుకొచ్చింది ఇదీ.

ఇక్కడివాళ్ళు థార్న్‌బిల్ అంటారు.
తెలుగులో పేరు లేదు.
నేనే పెట్టాను: ముల్లుముక్కు.
పెట్టిన రోజంతా సంబరమే,
"ఏ ముల్లుముక్కు?" అని
మ్యూరియెల్ అడిగేదాకా.

ఈ ఒక్క అడవిలోనే అయిదు రకాలట.
అన్నీ చిటికెన వేలంత.
దాదాపు అన్నీ తడిసిన గోనెపట్టా రంగు.
ఒకదానికి నుదుట చేపపొలుసుల మచ్చలు,
ఒకదానికి నడినెత్తిన దువ్వెన గీతలు,
ఒకదాని కన్ను ఎర్రమట్టి, ఒకదానిది బూడిద.
పసుపు నడుముది మంచిది, దాచుకోదు,
వెనక్కి తిరిగితే చాలు, చెప్పేస్తుంది.
మిగతావాటి దగ్గర
ఈకకు ఈక తోకకు తోక పీకడమే నా పని,
అదీ ముట్టుకోకుండా.

లెన్సు బరువుకి మెడ పట్టేస్తుంది.
ఫోకస్ కుదిరేలోపు కొమ్మ ఖాళీ.
తలకట్టు పెట్టేలోపు
అక్షరం లేచిపోయినట్టు.

ఆసుపత్రిలో మేమిద్దరం, నేనూ జిన్సీ.
తనది కొట్టాయం, నాది నర్సాపురం.
తను నాకంటే జానెడు పొడుగు,
నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి.
నాకు సోడాబుడ్డి కళ్ళద్దాలు.
అయినా నాలుగో వార్డు పెద్దాయన
నా చేత సూది వేయించుకుని
"థాంక్యూ జిన్సీ" అంటాడు.
ఒక నెల జీతం స్లిప్పులు తారుమారయ్యాయి.
"పోనీలే, ఈ నెలకి నువ్వే నేను" అంది జిన్సీ.

నాకు కోపం రావాలి. వచ్చేది కూడా.
ఇప్పుడు పొద్దున్నే ఒక పిట్టని చూసి
ఇంకో పిట్ట పేరు రాసుకుని
సాయంత్రం కొట్టేసి, మళ్ళీ అదే రాసి...
ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

మ్యూరియెల్‌కి ఎనభై రెండు.
చూపు నడిమధ్యన అరిగిపోయి
అంచులే మిగిలాయి.
ఆమె ముందు లాప్‌టాప్ తెరవడం దండగ.
నేను చెప్తుంటాను,
టీలో బిస్కెట్ ముంచుతూ ఆమె వింటుంది.

"కన్ను?"
"ఎరుపే అనుకుంటా. నీడ పడింది."
"నుదురు?"
"ఆకు అడ్డం."
"నడుము?"
"రెక్కల కింద."
"ఎక్కడుంది?"
"మధ్య కొమ్మల్లో. పైనా కాదు, కిందా కాదు."
"ఏమంది?"

పిట్ట కొంచెం కూత ఘనమని
ఆమెకి మా సామెత నేర్పింది నేనే.
ఏమందో నేను వినలేదు.
నా షట్టర్ చప్పుడే విన్నాను.

బిస్కెట్ విరిగి టీలో పడింది.
దాన్ని చెంచాతో వెతుకుతూ
"తెలీదని రాయి" అంది.
"నా నోటుబుక్కుల్లో సగం అదే."

ఆకుకు అందదు, పోకకు పొందదు.
లేచాను.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే
నన్ను కాకుండా
నాకు కాస్త పక్కన ఉన్న గోడని చూస్తూ
"హైమా, గేటు వెయ్యి, కుక్క వెళ్ళిపోతుంది" అంది.

"మంగళవారం కట్టు మార్చడానికి జిన్సీ వస్తుందిగా.
నేనని ఎలా తెలుస్తుంది?"

"నీ సంచీ జిప్పు. అడుగడుక్కీ టిక్కుమంటుంది.
ఆ పిల్లయితే ముందు దగ్గుతుంది."

దారంతా జిప్పు విన్నాను.
మూడేళ్ళ నుంచీ నా భుజానే ఉంది.

ఇంటికొచ్చి ఆ కన్ను ఫొటో కింద రాశాను:
ముల్లుముక్కు. ఏదో ఒకటి.
జూలై పంతొమ్మిది, పొద్దున్న ఎనిమిదీ పది.
మధ్య కొమ్మల్లో.
ఏమందో వినలేదు.

ఉత్త కొమ్మలు మూడొందల తొంభై
ఇంకా చెరపలేదు.